పన్నెండో తోకచొక్కా

చొక్కాకు తోక ఉంటుందంటే రాయదుర్గం బజార్లో ఎవరు నమ్ముతారు? మీరా హుస్సేన్ చెప్పాడు కాబట్టి నమ్మారు. టైలరన్నవాడు గుడ్డ మిగిలిందని చెప్పడు, రేపు ఇస్తానంటే రేపు ఇవ్వడు. మీరా హుస్సేన్ మాత్రం మిగిలిన జానెడు గుడ్డ కూడా మడత పెట్టి బట్టలతో పాటు ఇచ్చేసేవాడు. అట్లాంటి మనిషి చొక్కాకు తోక ఉంటుందంటే ఉండే ఉంటుందనుకున్నారు.

రెండో ప్రపంచయుద్ధకాలంలో ఆయన నాలుగేళ్ళు రావల్పిండి దగ్గర ఒక ప్యారాచూట్ డిపోలో దర్జీగా పనిచేశాడు. విమానంలోంచి దూకే సిపాయిలకు యూనిఫారం మీద తొడుక్కోవడానికి మందపాటి పైచొక్కా ఒకటి ఇచ్చేవాళ్ళు. దొరలు దాన్ని స్మాకు అనేవాళ్ళు. చెట్టూచేమల్లో దాక్కుంటే కనపడకుండా ఒళ్ళంతా ఆకుపచ్చ, మట్టిరంగు, ఇసకరంగు మరకలు. వెనకవైపు అడుగున వెడల్పాటి గుడ్డపట్టీ ఒకటి వేలాడుతూ ఉంటుంది. దూకేటప్పుడు గాలికి చొక్కా పైకి లేచిపోకుండా ఆ పట్టీని కాళ్ళ మధ్యనుంచి ముందుకు లాగి టిచ్ బటన్లు నొక్కాలి. అదీ తోక. చిరిగిన తోకలు, తెగిన చైన్లు, పీలికలైన కఫ్‌లు నాలుగేళ్ళపాటు ఆయన చేతులమీదుగానే పోయాయి.

చూసేవాడికి తోకచొక్కాలన్నీ ఒకటే. ఆయనకు మాత్రం అవి మూడు రకాలు. మొదటి రకం యుద్ధం మధ్యలో ఇంగ్లండు నుంచి వచ్చింది. దాని గుడ్డ మీద రంగులు మనిషి కూర్చుని కుంచెతో వేసినవి, అందుకని ఏ రెండు చొక్కాలూ ఒకలా ఉండవు. మణికట్టు దగ్గర ఉన్నితో అల్లిన కఫ్‌లు ఉంటాయి. రెండో రకం వచ్చేసరికి దొరలకు తొందరెక్కువైంది. రంగులు అచ్చు గుద్దారు, ఉన్ని కఫ్ తీసేసి గుండీ పెట్టే పట్టీ కుట్టారు. మూడోది ఇక్కడి మిల్లు గుడ్డతో కుట్టింది, రెండు ఉతుకులకే రంగు దిగిపోయేది. కళ్ళు మూసుకుని తడిమినా ఏది ఏ రకమో ఆయన వేళ్ళు చెప్పేవి.

అయితే ఏం లాభం? యుద్ధం అయిపోయి ఊరికి వచ్చాక రవికలు, నిక్కర్లు, పెళ్ళి జుబ్బాలు కుట్టుకునేవాడికి ఆ విద్యతో పనేముంది. పదిహేనేళ్ళు అది ఆయన లోపలే ఉండిపోయింది. అరవై రెండులో ఎర్రిస్వామి వచ్చి దాన్ని బయటికి తీశాడు.

ఎర్రిస్వామిది ఈ ఊరే. మిలిటరీ వాళ్ళు వేలం వేసే పాత సామాను కొని బెంగుళూరులో అమ్మేవాడు. ఒకరోజు తోకచొక్కాల మూట తెచ్చి కటింగు బల్లమీద దింపాడు. బెంగుళూరులో పొన్నప్ప అనే రిటైరైన మేజరు ఉన్నాడనీ, యుద్ధకాలపు బట్టలు దాచిపెట్టుకునే పిచ్చి ఉన్న తెల్లవాళ్ళకోసం ఆయన ఇవి కొంటున్నాడనీ, రకాన్ని బట్టి వెల కడతాడు కానీ ఏది ఏ రకమో తనకు అంతుపట్టడం లేదనీ చెప్పాడు. టీ చల్లారేలోగా మీరా హుస్సేన్ ముప్ఫై చొక్కాలూ విడదీసి మూడు కుప్పలు వేశాడు. మొదటి రకం కుప్పలో రెండే ఉన్నాయి. ఆ రెంటికీ ఒక్కోదానికి ఒక మంచి ఎద్దు ధర పలికిందట. రెండో రకానికి మేకపిల్ల ధర. మూడో రకాన్ని మేజరు పక్కకు నెట్టేశాడట.

ఆ తర్వాత మేజరు ఒక కోరిక పంపాడు. చూసి చెప్పిన మనిషి ఎవరో, ప్రతి చొక్కాకూ ఒక చీటీ రాసి సంతకం పెట్టాలన్నాడు. ఫలానా డిపోలో ఫలానా నంబరు దర్జీనైన మీరా హుస్సేన్ అనే నేను ఈ చొక్కాను స్వయంగా చూశాను, ఇది మొదటి రకం, నా మాటకు నేను పూచీ, అని ఆ చీటీలో రాయాలి. ఆ మొదటి చీటీ రాసిన రోజు ఆయనకు నేలమీద కాళ్ళు ఆనలేదు. తన మాట సముద్రాలు దాటి పోయి ఎక్కడో ఒక దొర ఇంట్లో చెల్లుతుందనుకుంటే ఎంత సంతోషం వేసిందో, భార్య హుస్సేన్‌బీకి ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు.

అరవై అయిదులో వాన మొహం చాటేసింది. కరువులో మనిషి తిండి మానలేడు గానీ కొత్తబట్టలు మానగలడు. అంగట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. అదే సమయానికి వేలాల్లో మొదటి రకం చొక్కాలు దొరకడం కూడా ఆగిపోయింది. ఎర్రిస్వామి రెండో రకం చొక్కాలు నాలుగు తెచ్చి, వీటికి పట్టీలు పీకేసి ఉన్ని కఫ్‌లు వేసి, పైన కుంచెతో నాలుగు గీతలు గీస్తే ఎట్లుంటుందని అడిగాడు. మీరా హుస్సేన్ తల అడ్డంగా ఊపాడు. ఎర్రిస్వామి నవ్వాడు.

"పోయిన చేతి కఫ్‌ను మళ్ళా పెడితే రిపేరే కదన్నా. డిపోలో నువ్వు చేసిందీ అదే."

వారం రోజులు ఆ మాట ఆయన చెవుల్లో తిరిగింది. వారం రోజులూ ఇంట్లో ఒంటిపూట తిన్నారు. ఎనిమిదో రోజు ఆయన కురుబల దగ్గరికి పోయి కంబళ్ళు నేసే గొర్రె ఉన్ని తెచ్చాడు. హుస్సేన్‌బీ కఫ్‌లు అల్లింది, ఆయన కుట్టాడు, రంగు వేశాడు. మొదటి దొంగచీటీ రాయడానికి ఒక పూట పట్టింది. రెండోదానికి గంట పట్టింది. మూడోది టీ తాగినంతసేపట్లో రాసేశాడు, దానికే ఆయనకు భయమేసింది. నాలుగుతో ఆపేద్దామంటే ఎర్రిస్వామి మెత్తగా ఒక మాటన్నాడు. చీటీలన్నీ మేజరు దగ్గర ఉన్నాయి, ఉన్నట్టుండి మానేస్తే ఎందుకు మానేశావని ఆయన అడగడా, అడిగితే ఏం చెబుతావు అని. మీరా హుస్సేన్ అయిదో చొక్కా అందుకున్నాడు. అట్లా నాలుగు కాస్తా పదకొండయ్యాయి. ప్రతి కొత్త చీటీ పాత చీటీని కాపాడటానికి రాయాల్సి వచ్చేది. తన చుట్టూ తానే గోడలు కట్టుకుని లోపల ఉండిపోయిన మాట ఆయనకు తెలుసు. తలుపు ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు.

ఇక్కడ హుస్సేన్‌బీ సంగతి ఒకటి చెప్పాలి. కొత్తబట్ట తొడుక్కునే ముందు కాస్త పసుపు రాసుకోవడం మన జనానికి అలవాటు కదా. పెళ్ళి బట్టలు కుట్టించుకునేవాళ్ళకు ఆ శ్రమ ఎందుకని, అంగట్లోంచి బయటికిపోయే ప్రతి కొత్తబట్టకూ కాలరు లోపల ఆమే వేలితో చిన్న పసుపుచుక్క పెట్టి మడిచేది. రైతులకు అది బాగా నచ్చింది. సాయిబు అంగడి బట్టకు పసుపు వేరే పెట్టక్కర్లేదనేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆమె వేలు ఆ పని చేస్తూ ఉంది. ఆయన కళ్ళు ఆ చుక్కను చూడటం ఎప్పుడో మానేశాయి.

అరవై ఆరు ఎండాకాలంలో తిప్పమ్మ వచ్చింది. ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో ఎనిమిదెకరాల రాళ్ళచేను, రెండెద్దులు ఆమె ఆస్తి. మొగుడు కుళ్ళాయప్ప బెంగుళూరులో మిలిటరీలో చేరి, ప్యారాచూట్ దళంలో పనిచేసి, నలభై ఎనిమిదిలో కాశ్మీరు యుద్ధంలో పోయాడు. గడ్డి దొరక్క ఎద్దులు రెండూ ఎముకలు తేలి నిలబడ్డాయి. బండెడు గడ్డికి అడిగినంత ఇవ్వాలి, లేకపోతే వాటిని సంతలో కోతకు అమ్ముకోవాలి. వానొచ్చాక ఎద్దుల్లేని చేను ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మిలిటరీ చొక్కాలు కొంటున్నారని ఎవరో చెబితే పెట్టె తెరిచి మొగుడి చొక్కా తెచ్చింది.

"మా ఆయనది సాయిబన్నా. ఎంతో కొంత వస్తాదా చూడు. గడ్డికి సాలితే సాలు."

మూట విప్పగానే మీరా హుస్సేన్ వేళ్ళు ఆగిపోయాయి. మొదటి రకం. గొంతు నుంచి గుండెల దాకా మాత్రమే ఉండే ఇత్తడి జిప్పు చైను, నలగని ఉన్ని కఫ్‌లు, తోకకు అన్ని టిచ్ బటన్లూ. కుంచె ఎక్కడ పెట్టి ఎక్కడ ఎత్తారో కూడా కనిపిస్తోంది. ఇంత నిండైనది ఆయన డిపోలో కూడా ఎక్కువ చూడలేదు. ఇదెట్లా ఇంట్లో మిగిలిందని అడిగాడు. చివరిసారి సెలవులో వచ్చినప్పుడు వదిలిపెట్టి పోయాడనీ, చలిపొద్దున చేనికి పోయేటప్పుడు నువ్వు తొడుక్కో అన్నాడనీ, చొక్కా పారేసుకున్నానని అక్కడ అబద్ధం చెప్పి జీతంలో పట్టించుకున్నాడనీ తిప్పమ్మ చెప్పింది. తొడుక్కోవడానికి ఆమెకు మనసు రాలేదు. వేపాకు వేసి పెట్టెలో పెట్టింది, అంతే.

ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. పదకొండు దొంగ చొక్కాల తర్వాత ఒక్క నిజమైన చొక్కాకు నిజమైన చీటీ రాసే భాగ్యం దొరికిందనుకున్నాడు. తక్కువకు ఎవరికీ ఇవ్వొద్దనీ, శుక్రవారం మేజరే స్వయంగా వస్తున్నాడనీ, ఒక ఎద్దు ధర తప్పకుండా వస్తుందనీ చెప్పాడు. దాని చీటీ అప్పుడే రాసి చొక్కా జేబులో పెట్టాడు. కాలరు లోపల ఒక పాత పసుపుచుక్క ఉంది. ఆయన దాన్ని చూశాడు, చూసి కూడా చూడలేదు.

శుక్రవారం పొద్దున తిప్పమ్మ అంగడి మెట్టుమీద కూర్చుని ఉండగా కారు ఆగింది. మేజరు పొన్నప్ప సన్నగా, పొడుగ్గా, నిదానంగా ఉన్నాడు. మద్రాసు సిపాయిలతో పనిచేసినవాడు కాబట్టి వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు. వెనకే ఎర్రిస్వామి ఎనిమిది తోకచొక్కాలు మోసుకొచ్చి బల్లమీద పెట్టాడు. అవి మీరా హుస్సేన్ కుట్టినవే. చూడగానే ఆయన గుర్తుపట్టాడు.

మేజరు కోప్పడలేదు. కుర్చీలో కూర్చుని విషయం చెప్పాడు. మూడు చొక్కాలు ఇంగ్లండుకు పంపితే అక్కడినుంచి ఉత్తరం వచ్చింది. మూడింటికీ కాలరు లోపల ఒకేచోట పసుపురంగు చుక్క ఉంది, ఇదేమిటని అడిగారు. తన దగ్గరున్న ఎనిమిదీ తిరగేసి చూస్తే వాటికీ ఉంది. పదకొండు చొక్కాలు పదకొండుమంది సిపాయిలవైతే, అందరి కాలర్లకూ ఒకే చుక్క ఎట్లా వచ్చిందని ఆయన అడిగాడు. ఒక్కో కాలరూ వెనక్కి మడుస్తూ పోయాడు. ఎనిమిది పసుపుచుక్కలు వరసగా కనిపించాయి.

లోపలి గదిలో హుస్సేన్‌బీ చేతిలోని చేట కింద పెట్టిన చప్పుడు వినిపించింది. మీరా హుస్సేన్ అటు చూడలేకపోయాడు.

ఎర్రిస్వామి తడుముకోలేదు. అది డిపో గుర్తు అన్నాడు. సామాను లెక్క చూసుకున్నాక అక్కడ అట్లా చుక్క పెట్టేవాళ్ళని ఈ సాయిబే తనకు చెప్పాడన్నాడు. మేజరు మీరా హుస్సేన్ వైపు తిరిగి, డిపోలో పనిచేసింది నువ్వు, అది నిజమేనా అని అడిగాడు.  మీరా హుస్సేన్ తల ఊపాడు. అవునని ఊపాడు. ఆ ఊపుతో తాను ఇంకో గోడ కట్టుకున్నాడని ఊపుతూ ఉండగానే తెలిసింది.

మేజరు ముఖం కొంచెం తేటపడింది. సరే, ఈమె తెచ్చింది కూడా చూద్దామని తిప్పమ్మ చొక్కా అందుకున్నాడు. చైను చూశాడు, కఫ్‌లు చూశాడు, తోక చూశాడు. కాలరు మడిచాడు. ఇదీ డిపో గుర్తే అన్నమాట అని, చుక్కను తిప్పమ్మకు చూపించాడు. తిప్పమ్మ ఉన్నమాట చెప్పింది.

"అది గుర్తు కాదు సామీ, పసుపు. కొత్తగుడ్డకు పసుపు పెట్టకుండా ఎట్ల తొడుక్కుంటారు? ఆయప్ప సెలవుకొచ్చినప్పుడు నేనే పెట్టినా."

 మేజరు ఎనిమిది చుక్కల వైపూ చూశాడు, ఈ చుక్క వైపూ చూశాడు. కొత్తగుడ్డకు అన్నమాట, అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత తిప్పమ్మను చాలా మర్యాదగా అడిగాడు.

"ఇది కూడా కొత్తగా కుట్టిందే కదమ్మా? నీకు ఎంత ఇస్తామన్నారు?"

ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా ఎర్రిస్వామి ముందుకొచ్చాడు. మునిగిపోయేవాడికి పక్కవాడి తల దొరికితే చాలు కదా.

"ఆయమ్మే సార్ నాకు అన్నీ అమ్మింది. పల్లెల్లో తిరిగి తెస్తాది. యాడ కుట్టిస్తాదో నాకేం తెలుసు?"

తిప్పమ్మ ఎర్రిస్వామి వైపు చూడలేదు. మీరా హుస్సేన్ వైపు చూసింది. ఈ మనిషి చెబితేనే కదా తాను నాలుగు మైళ్ళు నడిచి వచ్చింది. ఆమె కళ్ళల్లో కోపం లేదు, ఆయన నోటివెంట మాట వస్తుందని ఆ కళ్ళు ఎదురుచూస్తున్నాయి, అంతే. ఆ చూపు ఆయన్ను కోపం కంటే ఎక్కువ బాధ పెట్టింది. మాట్లాడకపోతే ఆమె ఈ మెట్టు దొంగగా దిగుతుంది, మొగుడి చొక్కా దొంగచొక్కాగా దిగుతుంది. మాట్లాడితే మేజరుకు ఇచ్చిన పదకొండు చీటీల మీదా తన సంతకం ఉంది. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. కటింగు బల్ల అంచు పట్టుకుని ఆయన నిలబడ్డాడు.

"ఆ పదకొండూ నేను మార్చి కుట్టినవి సాబ్. చుక్కలు నా ఇంట్లో పెట్టినవి. డిపోలో గుర్తూ లేదు, ఏమీ లేదు. ఈయమ్మది మాత్రం నిజమైంది."

ఎర్రిస్వామి ఏదో అనబోయాడు. మేజరు చెయ్యెత్తి ఆపాడు. నిన్నటిదాకా అవి నిజమన్నావు, ఇప్పుడే డిపో గుర్తు నిజమన్నావు, ఇది నిజమని ఎట్లా నమ్మాలి అని అడిగాడు. అడిగినదాంట్లో తప్పేం లేదు.

మీరా హుస్సేన్ తన చొక్కా ఒకటి, తిప్పమ్మ చొక్కా ఒకటి పక్కపక్కన పరిచాడు. తన చొక్కా కఫ్ మీద నీళ్ళు చిలకరించి మేజరు ముక్కు దగ్గర పెట్టాడు. పచ్చి గొర్రె వాసన కొట్టింది. తిప్పమ్మ చొక్కా కఫ్ తడిపితే ఏ వాసనా లేదు. అది మిషను అల్లిన ఉన్ని. ఇక అసలు సంగతి చెప్పాడు. మొదటి రకానికి రంగు గుడ్డమీద ముందే వేసి, తర్వాత కత్తిరించి కుట్టారు. కాబట్టి కుంచె గీత కుట్టు లోపలికి పోయి ఉంటుంది. తాను కుట్టిన చొక్కామీద పైనుంచి గీశాడు, గీత కుట్టు దగ్గరే ఆగిపోతుంది. తన చొక్కా కుట్టు ఒకటి బ్లేడుతో విప్పి చూపించాడు. గీత ఆగిపోయింది. రెండోది చూపించాలంటే తిప్పమ్మ చొక్కా విప్పాలి.

ఆయన బ్లేడు పట్టుకుని ఆమెను అడిగాడు. "జానెడు కుట్టు ఇప్పాల తిప్పమ్మా."

"ఇప్పన్నా," అంది ఆమె. "ఆయప్ప చొక్కా ఆయప్పదేనని తెలిస్తే సాలు."

పక్క కుట్టు జానెడు విప్పి, గుడ్డ అంచులు రెండు వేళ్ళతో తెరిచాడు. లోపల మడతలో, ఇరవై ఏళ్ళుగా ఎండా గాలీ తగలనిచోట, ఆకుపచ్చ గీత నిన్న వేసినట్టు నిగనిగలాడుతూ లోపలికంటా పోయి ఉంది. మేజరు కళ్ళజోడు తీసి చాలాసేపు చూశాడు. చొక్కాను మళ్ళీ సర్ది, అరచేత్తో ఒకసారి నిమిరాడు.

నిజమే అన్నాడు. తాను ఒప్పుకుంటున్నానన్నాడు. మీరా హుస్సేన్ గుండెలమీద బరువు దిగింది. అది దిగిన సంగతి ఆయనకు సరిగా తెలియనైనా తెలియలేదు, మేజరు తర్వాతి మాట అనేశాడు.

"కానీ నేను నమ్మితే చాలదు. ఈ చొక్కా మీద నీ చీటీ ఉంది."

జేబులోంచి ఇంగ్లండు ఉత్తరం తీసి చూపించాడు. రాయదుర్గం దర్జీ చీటీతో వచ్చినవి ఇకమీదట ఏవీ తీసుకోబోమని రాశారు. చీటీ చింపేసి పంపితే ఎక్కడిదని అడుగుతారు, అడిగితే తాను అబద్ధం చెప్పడు. రాయదుర్గంలో దొరికిన మొదటి రకం చొక్కా ఎంత నిజమైందైనా సరే, పన్నెండో దొంగచొక్కా కిందే లెక్క. దీనికి వెల లేదు అన్నాడు. పోలీసులకు చెప్పను గానీ చీటీలు తన దగ్గరే ఉంటాయన్నాడు. పోతూ పోతూ జేబులోంచి కొంత డబ్బు తీసి తిప్పమ్మకు ఇవ్వబోయాడు.

"చొక్కాకైతే తీసుకుంటా సామీ. ఊరికే వద్దు," అంది ఆమె.

కారు పోయింది. ఎర్రిస్వామి ఆ కారులో ఎక్కలేదు, బస్సు కోసం ఎవరికీ కనపడకుండా వెనక సందులోంచి పోయాడు. మీరా హుస్సేన్ విప్పిన జానెడు కుట్టు మళ్ళీ కుట్టాడు. దారం రెండుసార్లు తెగింది. తిప్పమ్మ చొక్కాను మూట కట్టుకుని మెట్లు దిగింది. వచ్చిన నాలుగు మైళ్ళూ మళ్ళీ నడిచి పోయింది.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. చేతిలో ఉన్న కాస్తకూ గడ్డి కొందామని ఊళ్ళు తిరిగాడు. ఆ కరువులో గడ్డిపోచ అమ్మేవాడు లేడు. ఆరో రోజుకు ఎక్కడో రెండు మోపులు దొరికితే బాడుగ బండిలో వేసుకుని తిప్పమ్మ ఊరికి పోయాడు. కొట్టంలో గూటాలు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఎద్దుల్ని మొన్నటి సంతకే తోలేసిందట. గడ్డి అక్కడే దింపి వస్తానంటే, నాకెందుకన్నా, ఇంకెవరి ఎద్దులకైనా వెయ్యి అంది.

నెలదాటాక తిప్పమ్మ మళ్ళీ అంగడికి వచ్చింది. పనికి పోతూ పొద్దున్నే వచ్చింది. ప్రభుత్వం కరువుపని మొదలుపెట్టింది, రోడ్డుకు కంకర కొడుతున్నారు. నల్లరాయి ముక్కలు ఎగిరి ఒళ్ళు చీరుకుపోతోందట. చేతులకీ నడుముకీ మందపాటి గుడ్డ కావాలని మొగుడి చొక్కా తెచ్చింది. బల్లమీద పరిచి, తోకను వేలితో చూపించింది.

"ఇది కోసెయ్యన్నా. కూసుంటే కాళ్ళకు అడ్డం పడతాండాది."

మీరా హుస్సేన్ కత్తెర ముట్టలేదు. తోకను చేత్తో పట్టుకున్నాడు. టిచ్ బటన్లు ఒక్కటీ పోలేదు.

"తోక కోస్తే దీనికి విలువ పోతాది తిప్పమ్మా."

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు, తెలియక అడిగినట్టే అడిగింది.

"ఇప్పుడుండాదా అన్నా?"

 ఉందని చెప్పగలిగినవాడు ఈ జిల్లా మొత్తానికి ఒక్కడే, ఆ ఒక్కడి మాటను నమ్మేవాళ్ళు ఇక ఎక్కడా లేరు. ఆయన కత్తెర తీసుకున్నాడు. మందపాటి గుడ్డ, రెండు మూడు పట్లు పట్టాల్సి వచ్చింది. అంచు మడిచి మిషనుమీద కుట్టి ఇచ్చాడు. లోపలినుంచి హుస్సేన్‌బీ గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆ శుక్రవారం నుంచి ఆమె ఏ బట్టకూ పసుపు పెట్టడం లేదు. తిప్పమ్మ చొక్కా అక్కడికక్కడే తొడుక్కుంది, చేతులు మడిచి సరిచేసుకుంది, తట్ట చంకన పెట్టుకుని రోడ్డుపనికి పోయింది.

కోసిన తోక బల్లమీదే ఉండిపోయింది. మీరా హుస్సేన్ మిగిలిన గుడ్డ ఎప్పుడూ ఉంచుకునేవాడు కాదు. వెంటనే దాన్ని మడిచి మెట్లదాకా పరిగెత్తి తిప్పమ్మను పిలిచాడు. ఆమె వెనక్కి తిరిగి, నువ్వే పెట్టుకో అన్నట్టు చెయ్యి ఊపింది. ఆ తోక ఆయన బల్ల సొరుగులో చేరింది. తర్వాత చాలా ఏళ్ళు, పాత మిలిటరీ బట్ట ఏదైనా తెచ్చి ఇదేమిటో చెప్పమని ఎవరు అడిగినా, ఆయన గుడ్డను వేళ్ళతో ఒకసారి తడిమి, నాకు తెలియదప్పా అని తిరిగి ఇచ్చేసేవాడు.